ఆ ఇంట్లో ఇంకో మనిషి

ఫిబ్రవరి 9, ఆదివారం
లీడ్స్

అమ్మమ్మా, నేను రీస్‌ని. కొత్త నంబరు. పాతది షాపులో జాకీ కింద పడి పచ్చడైపోయింది. నవ్వకు.

ఫోన్ చెయ్యొద్దు ప్లీజ్. ఫోన్లో నాకు మాట రాదని నీకు తెలుసుగా. మెసేజే పెట్టు.

బానే ఉన్నా. టైర్ల షాపులో పని బానే ఉంది. ఇంకా కానర్ వాళ్ళ సోఫా మీదే. వాడు మంచోడు. కానీ నేనున్నట్టు ఇంటి ఓనర్‌కి తెలీదు. ఆయనొస్తే నేను బూట్లు చేత్తో పట్టుకుని వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోతా. చిప్స్ షాపు ముందు నిలబడతా. అక్కడి అమ్మాయి నేను రోజూ తన కోసమే వస్తున్నా అనుకుంటోంది. సిగ్గుతో చస్తున్నా.

నిన్నొక రూం చూశా. చిన్నదే. కిటికీ ఉంది. ఏజెంట్ ఆవిడ కంప్యూటర్లో నా పేరు కొట్టి చాలాసేపు చూసింది. నీ గురించి ఏం రావట్లేదే అంది. అప్పులేం లేవండీ అన్నా. అదే కదా సమస్య అంది. అప్పు తీసుకుని తీర్చినట్టు ఎక్కడైనా ఉంటే గానీ నమ్మరంట. వింతగా లేదూ?

ఒకటి అడగనా. నా పేరు మీద ఉత్తరాలొస్తే దాచిపెడతావా? ఇక్కడి అడ్రస్ ఎవరికీ ఇవ్వకూడదు.

డోరీన్ ఆంటీని అడిగానని చెప్పు.
రీస్


ఫిబ్రవరి 10, సోమవారం
హల్

నా బంగారుకొండ రీస్‌కి,

ఇది నేనే కొడుతున్నా, ఒంటి వేలితో. మొదలుపెట్టినప్పుడు పోసుకున్న టీ చల్లారిపోయింది. డోరీన్ పక్కన కూర్చుని "చుక్క పెట్టు ఎనిడ్, చుక్క పెట్టు" అని ప్రాణం తోడేస్తోంది. దానికి గోడ అవతల సొంత ఇల్లుంది, వెళ్ళదు.

అప్పు లేకపోవడం తప్పెప్పుడైందిరా? మా చిన్నప్పుడు వారం వారం అప్పులవాడు వచ్చేవాడు. మా అమ్మ మమ్మల్నందర్నీ సోఫా వెనక దాచేది. ఒకసారి మా చెల్లి తుమ్మింది. వాడు తలుపుకున్న ఉత్తరాల కన్నంలో నోరు పెట్టి "మీ సోఫాకి జలుబు చేసినట్టుందమ్మా, కషాయం ఇవ్వండి" అని వీధంతా వినపడేలా అరిచాడు. ఆ రోజే అనుకున్నా, చేతిలో ఉంటే కొనాలి, లేకపోతే మానుకోవాలని. ఆ ప్లాస్టిక్ కార్డుల జోలికి మాత్రం పోకు నాన్నా.

ఉత్తరాలకేం, ఎన్నొచ్చినా దాస్తా. అడగాలా? ఇది నీ ఇల్లు కాదూ?

గురువారం విల్ఫ్ ఎప్పట్లాగే డామినో బిళ్ళలు ఆడడానికొచ్చాడు. రెండాటలు ఓడిపోయి, కేకు తిని, నువ్వు మోసుకొచ్చి పెట్టిన ఆ వాలు కుర్చీలో గురక పెట్టాడు. నలభై ఏళ్ళు చేపల పడవల మీద నిద్రలేకుండా పనిచేసిన మనిషి, ఇప్పుడు పోనీలే అని ఊరుకున్నా. "ఇతని దగ్గర అద్దె పుచ్చుకోవే" అంది డోరీన్.

మెడకి ఏదైనా చుట్టుకో. ఇక్కడ సముద్రపు గాలి కత్తిలా ఉంది.
ఉంటా మరి,
అమ్మమ్మ


ఫిబ్రవరి 16, ఆదివారం
(పంపలేదు)

అమ్మమ్మా, నువ్వొద్దన్నావు గానీ నేను క్రెడిట్ కార్డుకి పెట్టా.

కానర్ ఫోన్లో ఒక సైట్ చూపించాడు. కార్డులన్నీ వరసగా ఉంటాయి. ఒకదానికి విమానం పాయింట్లంట. నేను విమానం ఎక్కిందే లేదు. ఒకటి పెద్దోళ్ళ జీతాలకి. అన్నిటికన్నా కింద ఒకటుంది, మొదటిసారి తీసుకునేవాళ్ళకి. రెండొందల పౌండ్ల దాకానే వాడుకోనిస్తారు. వడ్డీ చూస్తే కళ్ళు తిరిగాయి. కానీ నెలాఖరికి మొత్తం కట్టేస్తే వడ్డీ ఉండదంట. బస్ పాస్ ఒక్కటే దాంతో కొని, జీతం రాగానే కట్టేస్తా. అలా కొన్నాళ్ళు కడితే ఏజెంట్ కంప్యూటర్లో నేను కనపడతా. అంతే. ఏం కొనుక్కోవాలని కాదు.

రాదన్నారు. ఓటర్ల లిస్టులో ఎక్కడా లేనంట. నేను ఎక్కడుంటానో వాళ్ళకి తెలీదంట.

కానర్ అన్నాడు, మీ అమ్మమ్మ అడ్రస్‌తో ఓటుకి రాయించుకోరా, ఏమవుద్ది అని. అమ్మ వాళ్ళింట్లో పెడదామంటే అమ్మతో ఉండే ఆయన ఒప్పుకోడు. నువ్వేమో నీ ఇల్లే అన్నావు కదా.

రాయించుకున్నా. ఐదు నిమిషాలు పట్టలేదు. 'ఇక్కడ నివసిస్తున్నారా' అని ఉంది. అవును అని నొక్కా.


మార్చి 4, మంగళవారం
హల్

చిట్టి తండ్రీ,

పాన్‌కేకుల రోజు కదా, నువ్వు గుర్తొచ్చావు. నువ్వు ఎగరేసిన పాన్‌కేకు లైటుకి అతుక్కున్న మరక ఇంకా అలాగే ఉంది. తుడవను.

నీ పేరు మీద కౌన్సిల్ నించి ఓటు కాగితం వచ్చింది. డోరీన్ చదివింది. ఈ అడ్రస్‌లో నీ పేరు ఎక్కించాం అని ఉందంట. నీకిక్కడ ఓటేంటి? లీడ్స్‌లో కదా నువ్వుండేది? వాళ్ళకేదో తిక్కగా ఉన్నట్టుంది. గడియారం వెనక పెట్టనా, ఏం చెయ్యను?

డోరీన్‌కి మోకాలు వాచింది. నిమ్మరసం, మిరియాలు రాస్తోంది. సలాడ్ వాసనొస్తోంది.
ముద్దులతో,
అమ్మమ్మ


మార్చి 4, మంగళవారం
లీడ్స్

పొరపాటయ్యుంటది అమ్మమ్మా. పాత అడ్రస్సులు కలిసిపోయుంటాయి. పారేయ్.

ఆంటీ మోకాలికి ఐస్ పెట్టమను.
రీస్


ఏప్రిల్ 3, గురువారం
హల్

రీస్,

మనసేం బాగాలేదు, నీకు తప్ప ఎవరికి చెప్పను.

కౌన్సిల్ నించి ఉత్తరం. ఒంటరి మనిషికి ఇంటి పన్నులో పావు వంతు తగ్గిస్తారు కదా, మీ తాత పోయిన దగ్గర్నించి నాకు వస్తోంది. ఇప్పుడది ఆపేస్తారంట. 'మీ ఇంట్లో ఇంకో పెద్ద మనిషి నివసిస్తున్నట్టు మాకు సమాచారం అందింది' అని రాశారు. నేను దాచానంట. తగ్గింపు ఎందుకు తీసుకున్నానో చెప్పాలంట. నన్ను దొంగంటున్నారురా. కుళాయి చుక్క కారితే ప్లంబర్‌కి ముందే టీ పెట్టే మనిషిని నేను.

ఆ ఇంకో మనిషి ఎవరో నాకు తెలియదనుకున్నారా? నాకంతా తెలుసు. ఎవరు చేశారో కూడా తెలుసు. ముఖం మీద నవ్వుతూనే వెనక ఇంత పని చేస్తారని మాత్రం అనుకోలేదు.

ఈ రోజుకి ఇంతే.
అమ్మమ్మ


ఏప్రిల్ 3, గురువారం
లీడ్స్

అమ్మమ్మా సారీ.

సారీ సారీ. నాదే తప్పు. నీకు ముందే చెప్పాల్సింది. ఇంత దూరం వస్తదని తెలీదు. పన్ను సంగతి నాకసలు తెలీదు నిజంగా. ఎంతైతే అంత నేనే కడతా, శనివారాలు కూడా పనిచేస్తా. నన్ను తిట్టు పర్లేదు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.
రీస్


ఏప్రిల్ 4, శుక్రవారం
హల్

పిచ్చి సన్నాసీ,

నీ తప్పేంట్రా? ఆ వాలు కుర్చీ తెచ్చిపెట్టావనా? కుర్చీ లేకపోతే విల్ఫ్ బల్ల మీద తల పెట్టుకునైనా నిద్రపోయేవాడు. నీ మెసేజ్ చదివి ఏడుస్తూ నవ్వా. పన్ను కడతానంటావా, నీ బూట్లకి అడుగు ఉందో లేదో ముందు చూసుకో.

ఇదంతా డోరీన్ పని. 'అద్దె పుచ్చుకో' అని మూడేళ్ళుగా అంటోంది కదా, ఇప్పుడు ఎవరికో చెప్పేసింది. నిన్ననే వెళ్ళి అడిగేశా. "విల్ఫ్ నా ఇంట్లో కాపురం ఉంటున్నాడని కౌన్సిల్‌కి చెప్పింది నువ్వే కదే?" అన్నా. ముందు నవ్వింది. తర్వాత నవ్వలేదు. "ముప్ఫై ఏళ్ళు నీ పక్కింట్లో ఉన్నాక ఇదా నా గురించి నువ్వు అనుకునేది?" అంది. "గుమ్మంలో నిలబడి అరవకు, లోపలికైనా రా, లేకపోతే పో" అంది. వచ్చేశా.

పొద్దున లేవగానే గోడ మీద రెండు దెబ్బలు కొట్టేది. నేనూ కొట్టేదాన్ని. ఇద్దరం బతికే ఉన్నామని. ఇవాళ కొట్టింది. నేను తిరిగి కొట్టలేదు.

విల్ఫ్‌ని కూడా రావద్దన్నా. నిన్న డామినోల పెట్టె చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఏమైనా తప్పుగా మాట్లాడానా ఎనిడ్?" అన్నాడు. సంగతి ఎలా చెప్పను? "ఇల్లు సర్దుకుంటున్నా, కొన్నాళ్ళు రాకు" అన్నా. సరే అన్నాడు. పెట్టె ఇక్కడే వదిలేసి వెళ్ళబోయాడు, మళ్ళీ ఆలోచించి తీసుకెళ్ళాడు.

నీ మీద నాకు కోపమెందుకుంటుంది? ఈ ఊళ్ళో నాకు మిగిలింది నువ్వొక్కడివే, నువ్వూ ఈ ఊళ్ళో లేవు.
అమ్మమ్మ


ఏప్రిల్ 4, శుక్రవారం
(పంపలేదు)

అమ్మమ్మా డోరీన్ ఆంటీ కాదు. విల్ఫ్ తాత కాదు. ఆ ఇంకో మనిషి నేనే.

ఓటర్ల లిస్టులో నువ్వొక్కదానివే ఉండేదానివి. ఇప్పుడు ఇద్దరం. వాళ్ళు ఆ లిస్టు చూసుకున్నారంతే. ఎవ్వరూ ఏం చెప్పలా.

ఇవాళ షాపు బాత్రూంలో ఉండగా మెసేజ్ వచ్చింది. లిస్టులో పేరెక్కాక కార్డుకి మళ్ళీ పెట్టా కదా, ఇస్తున్నారంట. 'అభినందనలు' అని ఉంది పైన. నాకెవరూ ఆ మాట అన్లేదు ఇప్పటిదాకా. బడి మానేసినోడికి ఎవరంటారు. అక్కడే నిలబడి మళ్ళీ మళ్ళీ చదివా. బయట బాస్ తలుపు బాదుతూ "ఏంట్రా, లోపలే కాపురం పెట్టావా?" అంటున్నాడు. ఎంత సంతోషమేసిందో. తర్వాత కింద నీ మెసేజ్ కనపడింది. ఒకే ఫోన్లో రెండూ.

చెప్తే కార్డు పోద్ది. కార్డు పోతే రూం పోద్ది. చెప్పకపోతే నువ్వు ఆంటీతో


ఏప్రిల్ 6, ఆదివారం
లీడ్స్

అమ్మమ్మా, డోరీన్ ఆంటీ అయ్యుండదేమో. కౌన్సిల్ వాళ్ళకి ఎలాగైనా తెలియొచ్చు కదా, కంప్యూటర్లుంటాయి. ఒకసారి గోడ మీద కొట్టొచ్చు కదా.
రీస్


ఏప్రిల్ 6, ఆదివారం
హల్

రీస్‌కి,

కంప్యూటర్ మా ఇంట్లోకొచ్చి విల్ఫ్ గురక విందా? నువ్వు మంచివాడివి కాబట్టి అందరూ మంచివాళ్ళే అనుకుంటావు.

ఆవిడ ఈ రోజు కొట్టలేదు. నాకేం ఫరవాలేదు. రేడియో పెట్టుకున్నా.
అమ్మమ్మ


ఏప్రిల్ 11, శుక్రవారం
హల్

నాన్నా రీస్,

నీకొక సంగతి చెప్పాలి, నేనెంత తెలివైనదాన్నో చూడు.

నిన్న నీ పేరు మీద బ్యాంకు కవరొకటి వచ్చింది. గట్టిగా ఉంది, లోపల కార్డు లాంటిదేదో. నువ్వు కార్డుల జోలికి పోయే రకం కాదు కదా. నాకు వెంటనే వెలిగింది. విల్ఫ్ రావడం మానేశాడని తెలిసి ఇప్పుడు నీ పేరు లాగుతున్నారు. ఇంట్లో మగవాడి పేరున కవర్లు దొరికితే కౌన్సిల్ వాడొచ్చి "ఇదేంటమ్మా మరి?" అంటాడు. నిన్నూ దొంగని చేస్తారు.

అందుకని కవరు మీద పెద్ద అక్షరాలతో 'ఈ పేరు గల మనిషి ఈ ఇంట్లో లేడు' అని రాసి మూల మీద పోస్టు డబ్బాలో పడేశా. అందరూ చూసేలా నడుచుకుంటూ వెళ్ళి మరీ. డోరీన్ కిటికీ తెర కదిలింది. చూడనీ.

దేనికీ భయపడకు. నీ మీద ఈగ వాలనివ్వను.
నీ అమ్మమ్మ


ఏప్రిల్ 13, ఆదివారం
లీడ్స్

అమ్మమ్మా, ఇది మొత్తం చదివాకే ఏమైనా అను. నిన్నంతా రాసి చెరిపేశా. ఇది చెరపను.

ఆ ఇంకో మనిషి విల్ఫ్ తాత కాదు. నేను.

ఫిబ్రవరిలో నీ ఇంటి అడ్రస్‌తో ఓటర్ల లిస్టులో పేరు రాయించుకున్నా. నిన్నడగలా. మార్చిలో ఓటు కాగితం వచ్చిందని నువ్వంటే పొరపాటు, పారేయ్ అన్నా. పొరపాటు కాదు. అబద్ధం చెప్పా. లిస్టులో ఇద్దరున్నారని చూసి కౌన్సిల్ వాళ్ళు నీకు ఉత్తరం రాశారు. డోరీన్ ఆంటీ ఎవరికీ ఏం చెప్పలా.

కార్డు కోసం చేశా. ఆ కవర్లో ఉన్నది నా కార్డే. నాకు రూం కావాలి. ఓనరొచ్చినప్పుడల్లా బూట్లు పట్టుకుని పారిపోవడం నావల్ల కావట్లేదు. నువ్వొద్దంటావని నీకు చెప్పలా.

నువ్వు ఆంటీతో గొడవ పడ్డావని తెలిసిన రోజే చెప్పాల్సింది. ఆ రోజే కార్డు ఇస్తామన్నారు. కార్డు చేతికొచ్చాక చెప్దాం అనుకున్నా. అదే అన్నిటికన్నా పెద్ద తప్పు. అడ్రస్ రాసినప్పుడు ఏమవుద్దో నాకు తెలీదు. ఆ తొమ్మిది రోజులు మాత్రం తెలిసే ఊరుకున్నా. నువ్వు ఒక్కదానివే రేడియో పెట్టుకుని కూర్చున్నావని తెలిసీ.

రేపు కౌన్సిల్‌కి ఫోన్ చేసి పేరు తీయించేస్తా. మెసేజ్ కాదు, ఫోనే. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నా.

తిట్టు.
రీస్


ఏప్రిల్ 14, సోమవారం
లీడ్స్

ఫోన్ చేశా. రాసుకున్న కాగితం వెతుక్కుంటున్నా. ఆవిడ "హలో, ఉన్నారా?" అంది. ఉన్నానండీ, కానీ అక్కడ లేను అన్నా. ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పా. పేరు తీసేస్తారంట. నేనక్కడ ఉండట్లేదని నువ్వు కూడా ఒక కాగితం రాసి పంపాలంట, అప్పుడు తగ్గింపు మళ్ళీ ఇస్తారంట. నీ మీద తప్పేం రాయరంట, అడిగా.

బ్యాంకు వాళ్ళకి కూడా చెప్పా. కార్డు ఆపేశారు.

నువ్వేం రాయలేదు. పర్లేదు.
రీస్


ఏప్రిల్ 17, గురువారం
హల్

రీస్,

మూడు రోజులు నీకు రాయలేదు. రాస్తే ఏమంటానోనని నాకే భయమేసింది.

కోపం వచ్చింది. కార్డుకి కాదు. నువ్వు బూట్లు చేత్తో పట్టుకుని వీధిలో నిలబడుతున్నావని ఫిబ్రవరిలోనే చెప్పావు. నేను చదివి నవ్వుకున్నా, చిప్స్ షాపు అమ్మాయి సంగతి డోరీన్‌కి చదివి వినిపించా. ఇద్దరం పకపకా నవ్వాం. ఆ పిల్లాడికి ఉండడానికి చోటు లేదే అని ఇద్దరికీ తట్టలేదు. నేనేమో అప్పులవాడి కథ చెప్పి కార్డు జోలికి పోకు అన్నా. ఇంక నువ్వు నాకేం చెప్తావు.

అయినా అబద్ధం అబద్ధమే. నిజంగా వచ్చి ఉంటానంటే ఈ క్షణమే రా, కుట్టు మిషన్ తీసి మంచం వేస్తా. నా ఇంట్లో ఉత్తుత్తి మనిషిగా మాత్రం ఉండకు.

కౌన్సిల్ కాగితం ఇవాళ రాశా. 'నా మనవడు ఈ ఇంట్లో ఉండటం లేదు.' ఒక్క లైను. కవరు మీద లేడని రాసినప్పుడు చెయ్యి గుర్రంలా పరిగెత్తింది. ఈ లైను రాయడానికి పొద్దున్నించి పట్టింది.

డోరీన్ ఇంటికి వెళ్ళా. తలుపు తీసింది. "నేను తప్పు మాటన్నానే" అన్నా. "తెలుసు" అంది. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, "ఎవరైతే ఏంటి ఎనిడ్, నీకు ముందు నేనే తట్టాను కదా" అంది. రేపు మళ్ళీ వెళ్తా. ఎల్లుండీ వెళ్తా. అది నా తంటా. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది, నువ్వేం పెట్టలేదు అందులో.

విల్ఫ్ సంగతి నీది. ఈ గురువారం కూడా రాలేదు. మార్కెట్లో కనపడితే రోడ్డు దాటి అటు వెళ్ళిపోయాడు. ఏం తప్పు చేశాడో తెలియక రెండు వారాలుగా తల బద్దలు కొట్టుకుంటున్నాడంట. నేను వెళ్ళి చెప్తే నన్ను కాపాడుకోవడానికి మనవడి మీద నెట్టేస్తున్నా అనుకుంటాడు. నువ్వే చెప్పాలి. మెసేజ్ పెడదామనుకోకు, ఆయనకి అలాంటి ఫోన్ లేదు.

ఈస్టర్ సెలవులుగా. రైలెక్కు.
అమ్మమ్మ


ఏప్రిల్ 17, గురువారం
లీడ్స్

వస్తా. శనివారం.

ఇంకో సంగతి. కానర్ వాళ్ళ ఓనర్‌కి నేను ఉంటున్నట్టు నేనే చెప్పా. ఆలోచిస్తా అన్నాడు. వెళ్ళిపొమ్మన్నా అనొచ్చు. ఉండమంటే ఈసారి ఓటు ఇక్కడి అడ్రస్ మీద రాయించుకుంటా, కార్డుకి అప్పుడే పెడతా.

విల్ఫ్ తాతకి నేనేం చెప్పాలి? మొదటి మాట ఏదో ఒకటి చెప్పవా. తర్వాతది నేను చూసుకుంటా.
రీస్


ఏప్రిల్ 18, శుక్రవారం
హల్

మొదటి మాట నేను చెప్తే అది నా మాటవుతుంది.

చేపలు వేయించి ఉంచుతా. ముందు అక్కడికి వెళ్ళి తర్వాత ఇక్కడికి రా. ముందు తిని వెళ్తే ఇంక వెళ్ళవు, నువ్వు నాకు తెలుసు.
అమ్మమ్మ


ఏప్రిల్ 19, శనివారం
హల్

అమ్మమ్మా, విల్ఫ్ తాత వీధిలో ఉన్నా. ఇప్పటికి రెండుసార్లు ఆ చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చా. ఎదురింటి కుక్క నన్ను చూసి మొరగడం కూడా మానేసింది.

కిటికీలోంచి కనపడుతున్నాడు. బల్ల ముందు కూర్చున్నాడు. డామినోలు పరుచుకుని ఒక్కడే ఆడుకుంటున్నాడు. తన వంతు వేసి, లేచి అటు కుర్చీలోకి వెళ్ళి నీ వంతు వేస్తున్నాడు.

నేను నీకిది కొడుతుంటే తల ఎత్తి చూశాడు. నన్ను చూశాడు. చెయ్యి ఊపలా. లేచి తలుపు దగ్గరికే వస్తున్నాడు.

ఫోన్ జేబులో పెట్టేస్తున్నా. చేతిలో ఉంటే దాన్నే చూస్తూ నిలబడతా.